ఫ్లాటుకు 66 రూపాయలు

ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, కనీస వేతనం కొంత పెరుగుతుంది. పనిచేసేవారికి అది హక్కు. జీతం ఇచ్చేవారికి మాత్రం ప్రతిసారీ తలనొప్పే. వేతన కోడ్ అమల్లోకి వచ్చాక వీధి చివరి హోటల్ నుంచి అపార్ట్‌మెంట్ సంఘం దాకా అందరూ వేసుకోవాల్సిన లెక్క ఇది.

ఏప్రిల్ నెల. ఆదివారం పొద్దున పదకొండు గంటలు. హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో నాలుగు కార్లు పక్కకు తీయించి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. జనరల్ బాడీ మీటింగ్. లిఫ్టు మరమ్మతు, బోరు మోటారు, వినాయక చవితికి మిగిలిన డబ్బు, అన్నీ అయ్యాక కార్యదర్శి ఓ కాగితం బయటికి తీశారు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఏజెన్సీ పంపిన ఉత్తరం అది. ‘ఒకటో తారీఖు నుంచి వీడీఏ పెరిగింది కాబట్టి బిల్లు సవరిస్తున్నాం’ అని ఉంది అందులో.

అంతే, తలా ఒక మాట. ‘‘పోయిన అక్టోబరులోనే కదండీ పెంచింది?’’ ‘‘ఏజెన్సీని మార్చేద్దాం. పక్కవాళ్లు ఇంతకంటే తక్కువకే చేయించుకుంటున్నారు.’’ ‘‘రాత్రిపూట ఇద్దరెందుకు, ఒకరు చాలరా?’’ మూడో వరసలో కూర్చున్న రిటైర్డ్ బ్యాంకు అధికారి ఒకరు మాత్రం, ‘‘పెంచమన్న డబ్బు మన వాచ్‌మన్ చేతికి చేరుతోందా లేదా, ముందు అది చెప్పండి’’ అన్నారు. కార్యదర్శి దగ్గర సమాధానం లేదు. ఈ గొంతులన్నీ గేటు దాకా వినిపిస్తూనే ఉన్నాయి. గేటు దగ్గర మనిషి రిజిస్టర్‌లో వాటర్ ట్యాంకర్ నంబరు రాసుకుంటున్నాడు.

ఏప్రిల్, అక్టోబరు నెలల్లో ఏ పెద్ద అపార్ట్‌మెంట్‌కు వెళ్లినా ఇలాంటి చర్చే వినబడుతుంది. ఆ కుర్చీల్లో కూర్చునేవారిలో చాలామంది ఉద్యోగులు. తమ డీఏ ఎప్పుడు ప్రకటిస్తారా, పాత బకాయిలు ఎప్పుడు వేస్తారా అని ఎదురుచూసేవారు. ఆ మీటింగులో కూర్చున్నంతసేపూ వాళ్లు యజమానులు. అపార్ట్‌మెంట్ సంఘం అంటే పదిమందికి జీతాలిచ్చే సంస్థేనన్న సంగతి మనలో చాలామందికి ఇంకా తట్టలేదు.

ఆరు నెలలకోసారి ఎందుకు?

కనీస వేతనంలో రెండు భాగాలుంటాయి. మొదటిది బేసిక్. రంగాన్నీ, ప్రాంతాన్నీ, పనిలో నైపుణ్యాన్నీ బట్టి ప్రభుత్వం జీవో ద్వారా దాన్ని ఖరారు చేస్తుంది. రెండోది మారే కరువు భత్యం. అందరి నోటా అది వీడీఏ. కేంద్ర లేబర్ బ్యూరో ప్రతి నెలా ప్రకటించే ధరల సూచి ఎంత పెరిగితే అంత మేర ఇదీ పెరుగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కార్మిక కమిషనర్ కార్యాలయం ఏప్రిల్ 1, అక్టోబరు 1 తేదీల నుంచి వర్తించేలా కొత్త రేట్లు ఇస్తుంది. పాయింటుకు 10 రూపాయలు అనుకుని, ఆరు నెలల్లో సూచి 40 పాయింట్లు పెరిగిందనుకుంటే నెల జీతంలో 400 రూపాయలు కలుస్తాయి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పుకోవాలి. వీడీఏ పెరిగితే జీతం పెరిగినట్టు కాదు. కందిపప్పు, నూనె, గది అద్దె ఇప్పటికే పెరిగిపోయాయి. ఆ మేరకు తరిగిపోయిన జీతాన్ని మళ్లీ పాత చోటికి తెచ్చి నిలబెట్టడమే వీడీఏ పని. అసలు పెంపు బేసిక్ సవరణతోనే వస్తుంది. అది ఐదేళ్లకు మించకుండా జరగాలని చట్టం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ గడువు దాటిపోయిన రంగాలు ఎన్నో. బేసిక్ కదలని ఆ ఏళ్లన్నీ కార్మికుడిని ఆదుకున్నది ఈ వీడీఏ ఒక్కటే. మీటింగుల్లో మనం గొణుక్కునేది దీని గురించే.

■ 2,700 కేలరీలు, 72 గజాలు
*కనీస వేతనానికి కొలత ఏమిటి? 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు దానికో లెక్క చెప్పింది. సంపాదించే మనిషి మీద ఆధారపడిన కుటుంబాన్ని మూడు యూనిట్లుగా తీసుకోవాలి. యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇక వంటచెరకు, దీపం వగైరాలకు మొత్తంలో 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేలరీల లెక్కకు ఆధారం డాక్టర్ ఆక్రాయిడ్ పరిశోధన. కూనూరులో ఆయన డైరెక్టర్‌గా పనిచేసిన ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.*

400 ఎలా 660 అవుతుంది?

పెరిగింది 400 అయితే ఏజెన్సీ బిల్లులో మనిషికి 660 దాకా ఎందుకు పెరుగుతుందన్నది చాలా సంఘాల అనుమానం. మోసం జరుగుతోందేమోనని కొందరి భయం. కాగితం మీద పెట్టి చూద్దాం.

జీతంలో పెరిగింది 400. దాని మీద యజమాని కట్టాల్సిన పీఎఫ్ 12 శాతం, బీమా, నిర్వహణ రుసుములు మరో శాతం, కలిపి 52 రూపాయలు. ఈఎస్‌ఐ 3.25 శాతం చొప్పున 13. బోనస్ 8.33 శాతం అంటే 33. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టాల్సింది సుమారు 19. ఇక్కడికి 517. ఏజెన్సీ సర్వీసు చార్జీ 8 శాతం అనుకుంటే 558. ఆ మీద జీఎస్టీ 18 శాతం. మొత్తం 660కి దగ్గర. అటువైపు కార్మికుడి వాటా పీఎఫ్ 48, ఈఎస్‌ఐ 3 పోగా అతని చేతికొచ్చేది 349.

660కీ 349కీ మధ్య తేడా చూసి ఏజెన్సీ మింగేస్తోందనుకుంటే పొరపాటు. అందులో సగానికి పైగా కార్మికుడి బోనస్‌కూ భవిష్యత్తుకూ ఆసుపత్రి ఖర్చుకూ చేరేదే, ఏజెన్సీ దాన్ని నిజంగా జమ చేస్తే. ఆ ‘చేస్తే’ దగ్గరే సంఘం కళ్లు తెరవాలి. ప్రతి నెలా బిల్లుతో పాటు మన గేటు దగ్గర పనిచేసేవారి పేర్లున్న పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు అడగాలి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇప్పుడు మన జేబు లెక్క. పన్నెండు మంది సిబ్బంది, 120 ఫ్లాట్లు ఉన్న అపార్ట్‌మెంట్‌లో నెలకు పెరిగే భారం 7,920 రూపాయలు. ఫ్లాటుకు 66. గంటన్నర వాదన జరిగింది ఈ 66 రూపాయల మీద.

పన్నెండు గంటల డ్యూటీ

ఈ కథలో అందరికీ తెలిసినా ఎవరూ నోరు విప్పని విషయం పనిగంటలు. కనీస వేతనం ఎనిమిది గంటల పనికి. మన గేట్ల దగ్గర జరిగేది పన్నెండు గంటల డ్యూటీ. డే ఒకరు, నైట్ ఒకరు. రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ. వారంలో సెలవు ఉండాలన్న మాటే చాలాచోట్ల వినపడదు. జీతాన్ని నెలగా కాక ‘30 డ్యూటీలు’గా లెక్కేసే అలవాటు అందుకే వచ్చింది.

చట్టం ప్రకారం అదనపు గంటకు రెట్టింపు కూలి ఇవ్వాలి. ఉదాహరణకు నెలకు కనీస వేతనం 13,000 అనుకుందాం. వారపు సెలవులు పోగా 26 రోజులకు లెక్కేస్తే రోజుకు 500. గంటకు 62 రూపాయల 50 పైసలు. పై నాలుగు గంటలకు రెట్టింపు చొప్పున మరో 500. అంటే పన్నెండు గంటల డ్యూటీకి రోజు కూలి వెయ్యి రూపాయలు, నెలకు 26,000. ఆ మనిషికి 13,000 ఇచ్చి, పైన ఇంకో వెయ్యో రెండు వేలో కలిపి ‘కనీస వేతనం కంటే ఎక్కువే ఇస్తున్నాం’ అని తృప్తిపడే యజమానులు నిజానికి దాదాపు సగమే ఇస్తున్నారు.

శ్రీకాకుళం వైపు నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చి ఈ డ్యూటీలు చేసేవారిని కదిపితే వాళ్లు మొదట చెప్పేది డబ్బు గురించి కాదు. నిద్ర గురించి. నైట్ డ్యూటీ దిగి గదికి వెళ్లి, వంట చేసుకుని, రేకుల కింద ఎండ వేడికి రెండు మూడు గంటలు కునుకు తీసి మళ్లీ సాయంత్రం ఏడింటికి యూనిఫాం వేసుకోవాలి. మీటింగులో ‘రాత్రిపూట ఒకరు చాలరా’ అన్న మాటకు అసలు అర్థం, ఆ మిగిలిన ఒక్కరూ మూత్రానికి వెళ్లాలన్నా గేటు వదల్లేకపోవడం.

కనీస వేతనం పెరిగిన ప్రతిసారీ కొందరు యజమానులు చేసే మొదటి పని ఒక మనిషిని తగ్గించడం. ఆ పని మిగిలినవారి మీద పడుతుంది. కాగితం మీద రేటు సరిగ్గానే ఉంటుంది. గంటలు మాత్రం ఎక్కడా నమోదు కావు.

దోశ మాస్టర్ అడిగిన ప్రశ్న

అపార్ట్‌మెంట్‌లో ఖర్చు పంచుకోవడానికి 120 కుటుంబాలున్నాయి. చిన్న హోటల్ యజమానికి ఆ వెసులుబాటు లేదు. అతని ఇబ్బంది నిజమైన ఇబ్బంది. బస్టాండ్ దగ్గర టిఫిన్ హోటల్ నడిపే మనిషిని ఊహించుకోండి. ఒక దోశ మాస్టర్, ఇద్దరు హెల్పర్లు, నలుగురు సప్లయర్లు, ఇద్దరు క్లీనర్లు. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించేది యజమానే, రాత్రి షట్టర్ దించేదీ అతనే.

మనిషికి 400 పెరిగితే తొమ్మిది మందికి నెలకు 3,600. రోజుకు 300 ప్లేట్లు అమ్మితే నెలకు 9,000 ప్లేట్లు. ప్లేటుకు 40 పైసలు. వాణిజ్య సిలిండర్ ధర పెరిగిందంటే ధరల బోర్డు మీద అంకె మార్చడానికి ఎవరూ ఆలోచించరు. గ్యాస్ కంపెనీతో బేరమాడలేమని అందరికీ తెలుసు. మినప్పప్పు వ్యాపారితోనూ ఆడలేం. బేరం నడిచేది ఒక్క మనిషి కూలి దగ్గరే. అందుకే పెరిగిన ఖర్చులన్నీ కట్టాక మిగిలినదాంట్లోంచి జీతాలు సర్దే అలవాటు మన చిన్న వ్యాపారాల్లో స్థిరపడిపోయింది. ఈ వరస తిరగబడాలి. ముందు జీతం లెక్క తేల్చుకుని, తర్వాత దోశ ధర రాయాలి.

‘400 రూపాయలకేనా అంత గోల?’ అని ఎవరైనా అడగవచ్చు. ఆరు నెలల పెంపు ఎవర్నీ ముంచదు. ముంచేది ఏళ్ల తరబడి పేరుకున్న తేడా. నాలుగేళ్లు పట్టించుకోకుండా ఉండి, ఐదో ఏట లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చాక లెక్క చూసుకుంటే మనిషికి మూడు నాలుగు వేలు తక్కువ ఇస్తున్నట్టు తేలుతుంది. అప్పుడు ఒక్కసారిగా పెంచడం ఏ చిన్న యజమానికైనా తలకు మించిన భారమే. ఎప్పటికప్పుడు పెంచుకుంటూ పోయినవాడికి ఆ రోజు రాదు.

ఇంకో చిక్కుంది. చట్టంలో దీనికి మందు లేదు. కనీస వేతనం పెరిగి నిన్న చేరిన క్లీనర్ జీతం పైకి వస్తుంది. పదేళ్లుగా పెనం దగ్గర నిలబడ్డ మాస్టర్ జీతం అప్పటికే కనీసం కంటే కాస్త పైన ఉంటుంది కాబట్టి అది అక్కడే ఉండిపోతుంది. రెండు మూడు పెంపులు అయ్యేసరికి ఇద్దరి మధ్య తేడా కరిగిపోతుంది. అప్పుడు మాస్టర్ వచ్చి, ‘‘సేటూ, నిన్నొచ్చిన పిల్లోడికీ నాకూ వెయ్యి రూపాయలేనా తేడా?’’ అంటాడు. అడగకుండా ఊరుకుంటే ఇంకా ప్రమాదం. ఎదురు హోటల్‌వాళ్లు అతనితో మాట్లాడేసినట్టే. అనుభవమున్న యజమానులు అందుకే కింది జీతం పెంచిన నెలలోనే పై జీతాన్నీ ఎంతో కొంత కదుపుతారు. అంతా ఒకేసారి చేయలేకపోతే, దసరాకు ఇంత, సంక్రాంతికి ఇంత అని మాస్టర్‌ను కూర్చోబెట్టి చెబుతారు. చెప్పిన తేదీకి ఇస్తారు.

‘తిండి పెడుతున్నాను, పడుకోవడానికి మేడ మీద గది ఇచ్చాను, అది లెక్కలోకి రాదా?’ అన్నది ప్రతి హోటల్ యజమానీ వేసే ప్రశ్న. వేతన కోడ్‌లో గది, కరెంటు, నీళ్ల విలువ జీతం కిందికి రాదు. జీతానికి బదులుగా వస్తురూపంలో ఇచ్చేదాన్ని మొత్తం జీతంలో 15 శాతం వరకే జీతంగా పరిగణిస్తారు. సగం జీతం సాంబారు అన్నంలో చెల్లిపోయిందనే లెక్క నిలవదు.

నవంబరు 21 తర్వాత

1946లో కనీస వేతనాల బిల్లును ప్రవేశపెట్టింది అప్పటి కార్మిక శాఖ సభ్యుడు డాక్టర్ అంబేడ్కర్. 1948లో చట్టమైంది. షెడ్యూల్‌లో చేర్చిన పనులకే అది వర్తించేది. తక్కువ జీతం ఇస్తే పడే జరిమానా 500 రూపాయలు, జైలైతే ఆరు నెలల వరకు. కేంద్ర చట్టంలో ఆ 500 అంకె చివరిదాకా మారలేదు.

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతన కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కనీస వేతనం షెడ్యూల్‌తో పనిలేకుండా అన్ని రకాల ఉద్యోగాలకూ వర్తిస్తుంది. తక్కువ ఇస్తే జరిమానా 50,000 వరకు. ఐదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కార్మికుడు మూడేళ్ల వరకు క్లెయిమ్ వేయవచ్చు. బకాయికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. ‘చేతికే ఇచ్చానండీ, సంతకం పెట్టించుకోలేదు’ అంటే కుదరదు.

అలవెన్సులు సగానికి మించితే మించిన మొత్తం జీతంలోనే కలుస్తుంది. బేసిక్ తక్కువ చూపించి పీఎఫ్ తగ్గించుకునే దారి దీంతో ఇరుకైంది. పని మానేసిన మనిషికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. అపార్ట్‌మెంట్‌లవారు మరీ శ్రద్ధగా చదవాల్సింది 43వ సెక్షన్: జీతం ఇవ్వాల్సినవారు ఇవ్వకపోతే ఆ సంస్థ ఎవరిదో వారే, అది కంపెనీ అయినా అసోసియేషన్ అయినా, బకాయికి బాధ్యులు. ‘మాకేం సంబంధం, ఏజెన్సీ చూసుకుంటుంది’ అన్న మాటకు ఇక విలువ లేదు.

వ్యాపారం సాగట్లేదు, ఇవ్వలేను అన్న వాదన కూడా కొత్తది కాదు. 1957లో క్రౌన్ అల్యూమినియం కేసులోనే సుప్రీంకోర్టు దానికి సమాధానం ఇచ్చింది. కనీస వేతనం ఇవ్వలేని సంస్థకు నడిచే హక్కు లేదన్నది ఆ తీర్పు సారం. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో ఇంకో అడుగు ముందుకేసి, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునేది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీయేనని చెప్పింది.

■ ఒకే ఊరు, రెండు రేట్లు
*రైల్వే వంటి కేంద్ర పరిధిలోని పనులకు రేట్లు నిర్ణయించేది కేంద్రం. 2024 అక్టోబరు 1 నుంచి ‘ఎ’ శ్రేణి నగరాల్లో ఊడ్చే పనికి రోజుకు 783 రూపాయలు, నెలకు 20,358గా నిర్ణయించింది. హైదరాబాద్ ‘ఎ’లో ఉంది, విజయవాడ, విశాఖ ‘బి’లో ఉన్నాయి. సికింద్రాబాద్ స్టేషన్ లోపల ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికీ, స్టేషన్ ఎదుట దుకాణాల సముదాయంలో ఊడ్చే కార్మికురాలికీ చీపురు ఒకటే. రెండో ఆమెకు వర్తించే రాష్ట్ర రేటు మాత్రం చాలా తక్కువ.*

తక్కువ కోట్ చేసినవాడికే కాంట్రాక్టు

ప్రైవేటు యజమానులను అనడం తేలిక. కానీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో, కాలేజీల్లో పారిశుద్ధ్యం, సెక్యూరిటీ పనులు టెండర్ల మీదే నడుస్తాయి. ఎల్-1, అంటే అందరికంటే తక్కువ చెప్పినవారికే పని. సర్వీసు చార్జీ దాదాపు సున్నా అని కోట్ చేసే ఏజెన్సీ ఎక్కడ సంపాదిస్తుంది? పీఎఫ్ కట్టడంలో ఆలస్యం చేసి, యూనిఫాం పేరుతో కోసి, ఉద్యోగం ఇప్పించినందుకు ముందే డబ్బు తీసుకుని. కొన్నిచోట్ల జీతం బ్యాంకులోనే పడుతుంది, ఏటీఎం కార్డు మాత్రం సూపర్‌వైజర్ దగ్గర ఉంటుంది. సక్రమంగా జీతాలిచ్చే ఏజెన్సీ ఈ పోటీలో నిలవలేదు. చట్టాన్ని పాటించినవాడు కాంట్రాక్టు పోగొట్టుకునే పద్ధతిని మార్చాల్సింది టెండర్ పిలిచేవారే. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్‌లను మార్చడానికి వీల్లేని అంకెలుగా ముందే రాసి, మిగతా భాగం మీదే పోటీ పెట్టవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

■ సియాటిల్‌లో ముందే చెబుతారు
*మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సియాటిల్ ప్రాంతంలో నగరానికే సొంత కనీస వేతనం ఉంది. 2014లో ఆర్డినెన్సు చేసి, 2015 ఏప్రిల్ 1 నుంచి గంటకు 15 డాలర్ల దిశగా అంచెలంచెలుగా పెంచారు. 500 మందికి మించిన సంస్థలకు గడువు తక్కువ, చిన్నవాటికి ఎక్కువ. 2025 జనవరి 1న ఆ తేడా పోయి అందరికీ 20.76 డాలర్లు అయింది. ఏ ఏడాది ఎంతవుతుందో ముందే తెలియడంతో అక్కడి చిన్న రెస్టారెంట్ యజమానికి ధరలు సర్దుకోవడానికి సమయం దొరికింది.*

ఒప్పందంలో రాసుకోవాల్సినవి

మన దగ్గర కొత్త రేట్ల ఉత్తర్వు ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. జూన్‌లో వచ్చినా వర్తించేది ఏప్రిల్ 1 నుంచే. మధ్యలోని నెలల బకాయి కట్టాలి. ఈలోపు మానేసి వెళ్లిపోయినవారికి కూడా. దీన్ని ముందే ఊహించి, మార్చి, సెప్టెంబరు నెలల్లోనే కొంత పక్కన పెట్టుకునే యజమానికి జూన్‌లో కంగారుండదు.

ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడు అపార్ట్‌మెంట్ సంఘాలు మూడు మాటలు చేర్చుకుంటే చాలు. వీడీఏ పెరిగిన తేదీ నుంచే బిల్లు సవరణ, దానికి మళ్లీ మీటింగ్ అక్కర్లేదు. పెరిగిన మొత్తం కార్మికుల ఖాతాల్లో పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, చలాన్లు చూపాకే ఆ నెల చెల్లింపు. ఎనిమిది గంటలకు మించిన డ్యూటీకి రెట్టింపు కూలి, లేదంటే మూడు షిఫ్టులు. మూడో మాట చేరిస్తే ఫ్లాటుకు 66 సరిపోదు, మెయింటెనెన్స్ ఇంకా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో ముందే లెక్క కట్టి, ఆ అంకెను మీటింగ్ నోటీసులోనే రాసి పంపితే ఫ్లాట్ల వాళ్లు దాన్ని చూసుకునే వస్తారు.